మేక ముట్టని మొక్క

“దార్లో రెండుసార్లు కక్కాడమ్మా ఈయన. బస్సులో పక్క సీటాయన మాకో దణ్ణం పెట్టి దిగిపోయాడు,” అంది ఆవిడ, బారెడు జడని ముడి చుట్టుకుంటూ.

ముసలాయన ఆస్పత్రి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. తలమీద ఒక్క వెంట్రుక లేదు. దుప్పటి కింద మనిషున్నాడో లేడో తడిమి చూసుకోవాలి.

మందు తయారుచేసినామె మంచం కాళ్ళ దగ్గరే ఆగిపోయింది.

మేక కూడా వాసన చూసి పక్కకు తిరిగే ఒక అడవి మొక్క నుంచి పుట్టింది ఆ మందు. దాని వేరులోని సారం క్యాన్సర్ గడ్డను చంపేది. పనిలో పనిగా మనిషినీ సగం చంపేది. దేవుడు మందునీ విషాన్నీ ఒకే వేరులో ఎందుకు పెట్టాడో ఆమెకు అర్థం కాలేదు. దణ్ణం పెట్టుకుంటూ అడిగింది కూడా. ఆయన బదులివ్వలేదు గనుక ఏళ్ళ తరబడి ప్రయోగశాలలో కూర్చుని తనే ఆ రెంటినీ విడదీసింది. విడిపోయాయనే అనుకుంది.

ఎలుకలు బాగానే ఉన్నాయి. కానీ కడుపులో తిప్పుతోందని ఎలుక చెప్పదు కదా. అందుకే పెద్ద డాక్టరు ఆమెను పంపాడు. “రోగుల పేర్లు చెప్పకూడదు. కిటికీ పక్క మంచం. గడ్డయితే సగమైంది. మందు కొనసాగించాలో ఆపాలో మీరే చూసి చెప్పండి.”

గడ్డతో పాటు మనిషీ సగమయ్యాడు, అనుకుందామె.

“ఈ మందు చేసింది నేనేనండీ.”

“నువ్వా తల్లీ!” ఆవిడ ఎగాదిగా చూసింది. “కాస్త మంచి రంగైనా వెయ్యకపోయావా? కాలవ నీళ్ళలా ఉంది.”

“ఎప్పట్నుంచి ఇలా ఉన్నారు?”

ముసలాయన ఇటు తిరిగాడు. “ఆ మందు మొదలెట్టిన రోజు నుంచీ ఇదే వరస. నిద్ర లేదు. అన్నం చూస్తే వెగటు. కాళ్ళల్లో సత్తువ లేదు.”

“మగాళ్ళకి ఓర్పు తక్కువమ్మా. ఈయన్ని ఇక్కడిదాకా మోసుకురాలేక చస్తున్నా.”

“నువ్వూరుకోవే. నా బాధ నీకేం తెలుసు?”

“దీనికి ముందు వాడిన పాత మందప్పుడు ఎలా ఉండేది?” అడిగిందామె.

“ఇంట్లో పొయ్యి వెలిగితే ఒట్టు,” అంది ఆవిడ. “ఇప్పుడు మూడు పూటలా వండుతున్నా. ఈయన ముట్టడు. పారేస్తే పాపం కదా, ఆ వాటా కూడా నేనే లాగిస్తున్నా.” అంటూనే గిన్నె మూత తీసి తినడం మొదలుపెట్టింది.

మొగుడు ఇలా ఉంటే ఈవిడకు ముద్దెలా దిగుతోందో! ఆమె నాలిక చివరిదాకా వచ్చిన మాటను మింగేసి, మంచం దగ్గరగా వంగింది.

“మీరు ఊ అంటే ఈ రోజే మందు ఆపించేస్తాను.”

ముసలాయన చటుక్కున లేచి కూర్చున్నాడు. “ఆపితే గడ్డ మళ్ళీ పెరగదూ?”

“పెరగొచ్చు,” అందామె.

“ఆపొద్దు తల్లీ. నా సంగతి వదిలెయ్. నేనెలాగో పడతాను.” ఆయన దుప్పటి అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు.

“విప్పాడమ్మా కుళాయి,” అంది ఆవిడ. కానీ గిన్నె పక్కన పెట్టేసింది.

ఇంత నరకం పడుతూ ఇంకా ఇమ్మని బతిమాలే మనిషికి ఇంకో చుక్క ఎక్కించినా పాపమే అనిపించిందామెకు. సరిగ్గా అప్పుడే నర్సు మందు సీసాతో వచ్చింది.

“ఆగండి, ఎక్కించొద్దు. పెద్ద డాక్టరుగారితో నేను చెప్తాను. ఆపేద్దాం.”

నర్సు నోరెళ్ళబెట్టింది. “అదేంటి మేడమ్! గడ్డ కరుగుతుంటే?”

“మనిషీ కరిగిపోతున్నాడు. కనిపించడం లేదా?”

నర్సు మంచం వైపు చూసి నడుం మీద చెయ్యేసుకుంది. “బాబాయిగారూ! వచ్చిన ప్రతిసారీ చెప్పాలా మీకు? దిగండి ముందు.”

“లేవలేని మనిషిని దింపుతారా!” ఆమె అడ్డం వెళ్ళింది.

ముసలాయన గొణుక్కుంటూ దిగి కుర్చీలో కూలబడ్డాడు.

ఆవిడ మంచమెక్కి, సూదికి చెయ్యి చాపింది.