తప్పు కోడి

"సుక్రుకి ఓటెయ్యండి" అన్నాడు వచ్చినతను.

గుమ్మడిగరువులో నిలబడి ఆ మాట అనాలంటే గుండె నిబ్బరమైనా ఉండాలి, తిక్కైనా ఉండాలి.

ఆ ఊరంతా ధనరాజు పక్షం.

సమితి ప్రెసిడెంటు ఎన్నికలొచ్చాయి. కొండ ఊళ్లు తలొకర్ని నిలబెడితే ఓట్లు చీలిపోయి, షావుకారు వరహాలరావు పోటీకి దించిన అతని పాలేరు గెలుస్తాడు. అందుకని ముందే పెదబయలు సంతలో సుక్రుకొకటి, ధనరాజుకొకటి రెండు కుండలు పెట్టి, ఊరికో చింతపిక్క వేయించారు. ఎవరి కుండలో పిక్కలు ఎక్కువైతే అతనే కొండలన్నిటి తరఫునా నిలబడాలి.

సుక్రు కుండలో ఎక్కువయ్యాయి.

గుమ్మడిగరువు మాత్రం, సంతకెళ్లే పొరుగూరి వాళ్లకిచ్చి, తన పిక్కని ధనరాజు కుండకే పంపింది. షావుకారు మింగిన పసుపు మడుల్ని కక్కించి ఇప్పించినవాడు ధనరాజు. అప్పట్లో అతని వెంట ఆఫీసుల చుట్టూ తిరిగిన ఊరిపెద్ద కాలం చేశాడు. ఇక ఊళ్లో ధనరాజుని చూసినవాళ్లు ఎవరూ మిగల్లేదు గానీ, గుమ్మం పట్టనంత మనిషని మల్లేశు అందరికీ చెబుతుంటాడు. మల్లేశు చూడని వాటి గురించే ఎక్కువ చెబుతాడు.

వచ్చినతను బక్కగా ఉన్నాడు. చంకలో గొడుగు, మోకాళ్లదాకా బురద.

"మా ఓటు ధనరాజుకే" అన్నాడు మల్లేశు.

"ధనరాజు పోటీలో లేడు కదా."

"అయితే ఓటే లేదు. ఆ రోజు కొండ దిగం."

"దిగకపోతే షావుకారు పాలేరు గెలుత్తాడు."

"గెలవనీ. ధనరాజుని కాదన్నందుకు అందరికీ బుద్ధొత్తాది."

"అందరికీ బుద్ధొచ్చేసరికి మీ పసుపు మడులుండవు" అన్నాడతను మెల్లగా.

మల్లేశుకి ఆ మాట గుచ్చుకుంది.

"పిక్కలు దొంగలెక్కెట్టి గెలిసినాడు మీ సుక్రు."

"లేదు. నేను కుండ పక్కనే కూకున్నాను. లెక్క సరిగ్గానే ఉంది. ధనరాజుకి తక్కువొచ్చాయి, అంతే."

"ఆ ధనరాజే వచ్చి సెప్పినా నమ్మం. బెదిరించి పంపినారనుకుంటాం."

అతను గొడుగుని ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకున్నాడు.

ఇంతసేపూ వింటున్న సోములమ్మకి ఇతనెవరో అంతుపట్టలేదు. పోయిన ఊరిపెద్ద పెళ్లాం ఆవిడ. ఇప్పుడు ఊళ్లో ఆవిడ మాటే మాట.

"నీకేటిత్తాడు సుక్రు?"

"ఏటీ ఇవ్వడమ్మా."

"నీకు సుట్టమా?"

"కాదు."

"మరి ఈ ముసురులో ఇంత కొండెందుకెక్కినావు?"

"ఎవులో ఒకరు ఎక్కాలి కదమ్మా."

సోములమ్మ అతని మోకాళ్ల బురద వంక చూసింది.

"మా మనిసిని పక్కనెట్టి మీవోడు నిలబడినాడు. మాకు తప్పు జరిగినట్టే. తప్పు కట్టు."

ఆ కొండల్లో ఒకరికి అన్యాయం జరిగితే, చేసినవాళ్లు ఊరందరి ముందూ ఒక కోడిని ఇచ్చుకోవాలి. దాన్ని వండుకుని అందరూ కలిసి తినాలి. తిన్న తరవాత ఆ గొడవని ఎవరూ మళ్లీ ఎత్తకూడదు. దానికే తప్పు కట్టడమని పేరు.

"కడితే ఓటేత్తారా?"

"కోడి తిన్నాక పగుండదు. పగ లేకపోతే కొండ దిగుతాం."

అతని దగ్గర కోడి లేదు. గొడుగు ఇచ్చి ఒక ఇంట్లో కోడిని తీసుకున్నాడు. వానాకాలం మొదట్లో కొండమీద గొడుగంటే మాటలు కాదు. ఇచ్చినతనికి మతిపోయిందనుకుంటూనే ఆ ఇంటివాళ్లు గొడుగుని లోపల దాచేశారు.

అడ్డాకులు పరిచారు. తప్పు కట్టినవాడు అందరికీ దండం పెట్టి, చివర్న విడిగా కూర్చోవాలి. అతను దండం పెట్టాడు, విడిగానే కూర్చున్నాడు. అతనికి అంబలి, రెండు ఎముకలు వచ్చాయి.

అన్యాయం జరిగినవాడికి కోడి తల దక్కాలి. అతను రాలేకపోతే అతని తరఫున ఇంకొకరు తినొచ్చు.

ధనరాజు తరఫున మల్లేశు తిన్నాడు. తింటూ, "మా ధనరాజుకి ద్రోగం సేసినోలకి ఇదే గతి" అన్నాడు. అందరూ నవ్వారు. చివర్న కూర్చున్నతనూ నవ్వాడు.

వాన మళ్లీ పట్టుకుంది. అతను తడుస్తూనే దిగిపోయాడు. పేరైనా అడగలేదే అని సోములమ్మకి అప్పుడు తోచింది.

ఎన్నికల రోజున గుమ్మడిగరువు మొత్తం కొండ దిగింది.

సుక్రు చాలా కొద్ది ఓట్ల తేడాతో గట్టెక్కాడు. ఆ కొద్ది ఓట్లూ ఎక్కడివో తెలిసి, ముసురు తగ్గగానే దండాలు చెప్పడానికి కొండెక్కి వచ్చాడు.

"దండాలెందుకులే" అంది సోములమ్మ. "తప్పు తిన్నాం, ఏసినాం. కానీ ఆ రోజు నీ మనిసిని ఊరిసివర కూకోబెట్టి, మాటలన్నాం. నాకది మనసులో పీకుతోంది. అతన్నోసారి పంపించు, కడుపునిండా అన్నమెడతాను."

"ఏ మనిసి? నేనీ కొండకి ఎవుల్నీ పంపలేదమ్మా. పంపినా మీరు రానివ్వరని ఆశ ఒదులుకున్నాను."

"మరి తప్పు కట్టినాడే?"

"ఎవులికి కట్టినాడు?"

"ధనరాజుకి."

సుక్రు అరుగు మీద కూలబడ్డాడు.

"'నువ్వు మిగతా ఊళ్లు సూసుకో, గుమ్మడిగరువుకి నేనెల్తాను' అన్నవోడు ఒక్కడేనమ్మా, నిజంగా ఎల్తాడనుకోలేదు. మీరు ధనరాజుకి తప్పు కట్టించుకున్నది ధనరాజు సేతే."