మొదటి పిటిషనర్‌కు ఏం కావాలె?

ఎల్లారెడ్డిలో తొమ్మిది గంటల బస్సును కావాలనే వదిలేసి, శ్రీలత ఆ తర్వాతి బస్సెక్కింది. కామారెడ్డిలో దిగి నేరుగా కోర్టు ముందున్న టైపింగ్ షాపుకు నడిచింది. చేతిలో లాయర్ కృపాజ్యోతి రాసిచ్చిన చిత్తు ప్రతి ఉంది. ఇద్దరి ఇష్టంతో తీసుకునే విడాకుల పిటిషన్ అది.

టైపు మాత్రం పర్శరాములు దగ్గరే చేయించమని, అంత బాగా జిల్లాలో ఇంకెవరూ కొట్టరని లాయరమ్మ చెప్పింది. చెబుతూ నవ్వింది కూడా. విడాకుల కాగితం పట్టుకుని నవ్వకూడదు గానీ, శ్రీలతకూ నవ్వొచ్చింది.

పర్శరాములు ముప్పై ఏళ్లుగా పిటిషన్లే కొడుతున్న మనిషి. కొత్త లాయర్లు సెక్షన్లు మరిచిపోతే ఆయన్నే అడుగుతారు. ఆయనకో పట్టింపుంది. తన బల్ల ముందు కూర్చున్నవాళ్లు ఏడవకూడదు, తిట్టకూడదు, ‘మా ఆయన’, ‘నా పెండ్లాం’ అనకూడదు. కాగితంలో ఎలా ఉంటుందో అలాగే మాట్లాడాలి. భార్య మొదటి పిటిషనర్, భర్త రెండో పిటిషనర్. ఎంత పెద్ద గొడవైనా అలా చెప్పేసరికి సగం చల్లారిపోతుందని ఆయన నమ్మకం.

పేర్లు, ఊరు, పెళ్లి తారీఖు చకచకా పడిపోయాయి.

“వేరుగ ఉండవట్టి ఏడాది అయిందా?” అన్నాడు, తెర మీంచి చూపు తిప్పకుండా.

ఇల్లు ఒకటేనని శ్రీలత చెప్పింది. ముందరి అర్రలో రెండో పిటిషనర్, వెనక అర్రలో మొదటి పిటిషనర్. ఎవరి వంట వారిదే, ఎవరి బస్సు వారిదే. కప్పు ఒకటే అయినా కాపురం లేకపోతే చట్టం దాన్ని వేరుగా ఉన్నట్టే చూస్తుందని ఆయన ధైర్యం చెప్పాడు. ఇవాళ వేస్తే సరిపోదు, ఆరు నెలలాగి ఇద్దరూ మళ్లీ వచ్చి జడ్జి ముందు అదే మాట చెప్పాలి. ఈలోగా ఎవరి మనసు మారినా కేసు ఆగిపోతుందన్నాడు.

తర్వాత కారణం అడిగాడు.

“రెండో పిటిషనర్ ఇంట్ల నోరు తెరవడు. ఇరవై రెండేండ్ల సంది బెల్లం గొట్టిన రాయి లెక్కనే ఉన్నడు.”

బెల్లం కొట్టిన రాయి పిటిషన్‌లో పట్టదన్నాడు పర్శరాములు. ‘దంపతుల మధ్య సంభాషణ లోపించినది’ అని కొట్టి చదివి వినిపించాడు. ఇన్నేళ్ల గోసకు ఇంత చిన్న ముక్కా అని ఆమె పకపకా నవ్వేసింది. ఆయనా మీసాల చాటున నవ్వాడు. పక్క హోటల్ నుంచి రెండు చాయ్‌లు తెప్పించాడు, ఒకటి చక్కెర లేకుండా. శ్రీలత చక్కెర లేనిది తీసుకుంది.

ఐదో పేరా దగ్గర ఆయన వేళ్లు ఆగిపోయాయి. ‘మొదటి పిటిషనర్ తన భరణం హక్కును వదులుకొనుచున్నది’ అని ఉందక్కడ.

“ఇది ఎవలు రాయమన్నరు?”

“మొదటి పిటిషనరే. జల్ది తెగిపోతది అని.”

పర్శరాములుకు ఒళ్లు మండింది. తొందరకొద్దీ ఈ ఒక్క లైను కింద సంతకం పెట్టి, తర్వాత జన్మంతా తల పట్టుకున్న ఆడవాళ్లను ఎందరినో చూశానన్నాడు. టకటకా ఆ పేరా చెరిపేశాడు. పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం, బీరువా, బిందెలు ఎటూ ఆమెవే, ఎవరినీ బతిమాలాల్సిన పని లేదంటూ వాటికి వేరే పేరా పెట్టాడు. అప్పుడు కుర్చీ వెనక్కి జరుపుకుని, ఆమె ముఖంలోకి చూశాడు.

“మొదటి పిటిషనర్‌కు ఏం కావాలె?”

శ్రీలత చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. పెళ్లయిన నాటి నుంచి ఆ మాట తనను ఎవరూ అడగలేదు. పండుగ చీర కొనేటప్పుడు కూడా అడగలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడవకూడదన్న షాపు పట్టింపు గుర్తొచ్చి, కొంగుతో గబగబా తుడిచేసుకుంది.

ఇల్లు కావాలంది. ఇంటి ముందు షట్టర్‌లో ఆమెకు పిండి గిర్ని ఉంది. తెల్లారితే వాడంతా జొన్నలు, గోధుమలు పట్టుకుని అక్కడే ఉంటుంది. తన బతుకూ, తన మాటాముచ్చటా ఆ గిర్నిలోనే. కానీ ఇల్లు రెండో పిటిషనర్ పేరు మీద ఉంది. విడాకులయ్యాక పొమ్మంటే గిర్ని నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోవాలి? రాత్రుళ్లు నిద్ర పట్టనిది ఆ ఒక్క దిగులుతోనే.

భార్యగా ఉన్నన్నాళ్లూ ఇంట్లోంచి వెళ్లగొట్టడం సులువు కాదని, విడాకుల తర్వాత ఆ భరోసా ఉండదని, అందుకే ఇప్పుడే ఒప్పందంలో ఎక్కించుకోవాలని పర్శరాములు చెప్పాడు. చెబుతూనే కొట్టడం మొదలుపెట్టాడు. ఇల్లు, షట్టర్, వెనక ఖాళీ జాగా, అన్నీ మొదటి పిటిషనర్ పేరిట రిజిస్ట్రేషన్ చేసివ్వాలి. అదీ రెండోసారి కోర్టుకొచ్చే లోపే. ఆ గడువు ఆమె అడగలేదు, తనే పెట్టాడు.

శ్రీలత తెర వైపు వంగి చూసింది.

“గంత రాస్తే రెండో పిటిషనర్ ఒప్పుకుంటడా?”

ఆయన ప్రింటు తీసి, నాలుగు పేజీలూ మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాడు. ఆమె పేజీ పేజీకీ సంతకం చేసింది. ఇంటి పేరా దగ్గర ఆగి, వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది. ఎంత గట్టిగా రాసినా రెండో సంతకం పడకపోతే ఇది ఉత్త కాగితమే కదా అని పైకే అనేసింది.

పర్శరాములు కాగితాలు తన వైపు తిప్పుకుని, ప్రతి పేజీ కింద ‘రెండవ పిటిషనర్ (భర్త)’ అని ఉన్న చోట తన సంతకం చేశాడు.