పాత కంపైలరు

"కంపైలరు తప్పు చెయ్యదమ్మా. తప్పు నీ ప్రోగ్రాములోనే ఉంది." రాజమండ్రి కాలేజీ ల్యాబులో అందరూ వినేట్టే అన్నాడు డేనియల్ మాస్టారు. నాగదుర్గ తలొంచుకుంది.

ఆమె ఫ్లాపీ పట్టుకెళ్లి మూలనున్న సిస్టంలో పెట్టాడు, తప్పెక్కడుందో పట్టుకుని ఇంకో నాలుగు చివాట్లు పెడదామని.

ప్రోగ్రాము చక్కగా నడిచింది.

డేనియల్‌కి అప్పుడు గుర్తొచ్చింది. ప్రోగ్రాముని మెషీన్ భాషలోకి మార్చే కంపైలరు, నిలకడైన ఆ పాతది, ఈ ఒక్క సిస్టంలోనే మిగిలింది. కొత్తది ఇంకా తయారవుతోందనీ, పాఠాలకి వాడొద్దనీ దాన్ని చేసినవాళ్లే రాశారు. అయినా తోటి లెక్చరర్ల ముందు గొప్పకి, మిగతా అన్నిట్లో నిన్న దాన్ని తనే ఎక్కించాడు.

ఫ్లాపీ తీసుకుని వెనక్కొచ్చాడు. "నాగదుర్గా, అదీ..."

"దొరికిందండి. మీరన్నట్టు తప్పు నాదేనండి," అందా పిల్ల, మొహం విప్పారి. "సున్నాతో భాగించకుండా ఆపే లైనుందే, అది తీసేశానండి. ఇప్పుడు నడుస్తోంది."

ఆ లైను తప్పకుండా రాయాలని నేర్పింది డేనియలే.

"మీరు తిట్టకపోతే తెలిసేది కాదండి. అందరికీ చెప్పేశాను."

డేనియల్ తలెత్తి చూశాడు. ల్యాబంతా వంగి కూర్చుని, సరిగ్గా రాసుకున్న ఆ లైనుని శ్రద్ధగా చెరిపేస్తోంది.

"వెరీగుడ్," అన్నాడు, ఫ్లాపీ జేబులో వేసుకుంటూ.