వెనక తలుపు మీది పాప

"కెమెరా దించు. లేకపోతే అదీ నువ్వూ కలిసి నీళ్ళలో ఉంటారు."

సుగియామా ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు.

తలకు తువ్వాలు బిగించిన మనిషి. భుజాలు తలుపంత వెడల్పు. ఎదురుగా ఉన్న లారీ అతనిదే. యాయిజు రేవులో చేపలు ఎత్తుకుని టోక్యో పోయే లారీ. ఒళ్ళంతా రంగు దీపాలు, అద్దంలా మెరిసే రేకులు, పక్కల మీద ఎగిసిపడే అలల బొమ్మలు.

"కోప్పడకన్నా. మాది షిజువొకాలో ప్లాస్టిక్ బొమ్మల కంపెనీ. ఇలాంటి లారీ కిట్టు చెయ్యాలని వచ్చాను. ముక్కలు పెట్టెలో వేసిస్తాం, పిల్లలు అతికించుకుంటారు."

"నా లారీని? పిల్లలు?"

ఆ మనిషి మొహం మెత్తబడింది.

"అయితే సరిగ్గా చెయ్యి. ఒక్క దీపం తగ్గినా నీ కంపెనీకొచ్చి కూర్చుంటా."

అతని పేరు ఇవావో. కొలతల టేపు రెండో కొస తనే పట్టుకున్నాడు. లారీ కిందకి దూరి మరీ చూపించాడు. ఒకటే మాట అన్నాడు.

"ఫొటో ఎక్కడైనా తీసుకో. వెనక తలుపు మాత్రం వద్దు."

"ఎందుకన్నా?"

"వద్దన్నానుగా."

వెనక తలుపు మీద బడి పిల్లల పసుపు టోపీ పెట్టుకున్న ఆరేళ్ళ పాప బొమ్మ. నవ్వకుండా సూటిగా చూస్తోంది.

డ్రాగన్లు, చేపలు వేయించుకున్న లారీలు సుగియామా బోలెడు చూశాడు. ఇలాంటిది చూడలేదు. అమ్ముడుపోయేది ఇదేననిపించింది.

ఇవావో హోటల్లో మిసో చారు తాగుతుండగా వెనక్కి వెళ్ళి ఒక్క ఫొటో తీసుకున్నాడు.

"అతను చూస్తే గొడవ చెయ్యడూ?" అంది కంపెనీలో స్టిక్కర్లు గీసే కియొమి.

"లారీవాళ్ళు బొమ్మల కొట్లకి వస్తారా ఏంటి? నువ్వు గియ్యి. కాస్త నవ్వు కూడా పెట్టు."

ముందు చెక్కతో పెద్ద నమూనా చేశారు. దాన్నిబట్టి ఉక్కులో అచ్చు కోశారు. మొదటి విడత ముక్కలు తీస్తే దీపాల వరస ఎక్కడికక్కడ విరిగింది. అచ్చుకి మళ్ళీ మరమ్మతు. బంపర్లకి వెండి పూత. చలి ముదిరేసరికి పెట్టెలు కొట్లకి చేరాయి.

కొత్త సంవత్సరానికి పెద్దలిచ్చే కానుక డబ్బులు చేతిలో పడగానే పిల్లలు ఎగబడ్డారు. రెండో విడత తీశారు. మూడోదీ మొదలైంది. యజమాని కనబడ్డ వాళ్ళందరికీ సుగియామాని చూపించి మురిసిపోయాడు.

అప్పుడొచ్చింది కంపెనీకి ఒకావిడ.

గుడ్డలో చుట్టిన కిట్టు పెట్టె విప్పి బల్ల మీద పెట్టింది. స్టిక్కర్ల కాగితం తీసింది. పాప బొమ్మ మీద వేలు పెట్టింది.

"ఈ పాప మీకెక్కడ దొరికింది, బాబూ?"

"ఒక లారీ మీద ఉందమ్మా. ఏం?"

"ఇది మా చియొ. ఐదేళ్ళ కిందట, బడికెళ్తుంటే లారీ గుద్దేసింది."

సుగియామా చటుక్కున లేచాడు.

"ఆ లారీ ఆయన ఎక్కడుంటారు? నేను చూడాలి. ఒక్కసారి చూడాలి."

ఆవిడ ఇంకా ఏదో చెప్పబోతోంది. అతను కూర్చోనివ్వలేదు. కనుక్కుని చెబుతానని పంపేసి యాయిజు రైలెక్కాడు.

ఇవావో అదే హోటల్లో, నలుగురు డ్రైవర్ల మధ్య అన్నం తింటున్నాడు.

"రా తమ్ముడూ! మా వాడికి నీ కిట్టు దొరకలేదట, ఏడుస్తున్నా..."

"ఆ పాప ఎవరు?"

ఇవావో చేతిలో అన్నం తినే పుల్లలు ఆగిపోయాయి.

"లారీ కింద పడి చచ్చిపోయిన పిల్ల! అవునా కాదా?" సుగియామా గొంతు హోటలంతా వినబడింది. "పిల్లని చంపి, దాని బొమ్మ వేయించుకుని ఊరేగుతున్నావా? అందుకేనా ఫొటో వద్దన్నావు?"

"వాళ్ళమ్మ చూసిందా?"

అంతే అడిగాడు.

"చూసింది. పెట్టె పట్టుకుని మా కంపెనీకే వచ్చింది."

ఇవావో తల వాల్చేశాడు. "కొట్లో అది ఆ తల్లి కంటబడకూడదనే వద్దన్నాను."

"ముందు నేనడిగినదానికి చెప్పు!"

"నా చేతుల్లోనే పోయింది," అన్నాడు ఇవావో మెల్లగా.

పక్కనున్న డ్రైవరు తన గిన్నె తీసుకుని వేరే బల్లకి వెళ్ళిపోయాడు. తరవాత ఇంకొకడు. ఇవావో లేచి, సుగియామాకి వంగి నమస్కరించి, బయటికి నడిచాడు.

మర్నాడు ఆ వెనక తలుపు మీద తెల్ల రంగు పూసేసి ఉందన్నారు రేవులో వాళ్ళు. ఆ వారంలోనే లారీ అమ్మేసి, పెళ్ళాం పిల్లాడితో ఊరు వదిలాడన్నారు. ఎక్కడికో ఎవరూ అడగలేదు.

కంపెనీ మూడో విడత పెట్టెల్లోంచి పాప స్టిక్కరు తీసేసింది.

ఆవిడ మళ్ళీ వచ్చింది. ఈసారి చేతిలో ఒక టీ పొడి డబ్బా, కానుక కాగితంలో చుట్టి ఉంది.

"దొరికారా, బాబూ?"

"వెళ్ళిపోయాడమ్మా. అందరి ముందూ నిలదీశాను. ఇక మీ కంటికి కనబడడు."

ఆవిడకి అర్థం కాలేదు.

"నిలదీశారా? ఎందుకు?"

"అదేంటమ్మా, మీ పాపని గుద్దింది..."

ఆవిడ చేతిలో డబ్బా జారి నేల మీద పడింది.

"గుద్దింది ఆయన కాదు," అంది. "గుద్దినవాడు ఆగలేదు. వెనకొచ్చిన బళ్ళూ ఆగలేదు. నా బిడ్డని ఒళ్ళో పెట్టుకుని ఆస్పత్రిదాకా లారీ నడిపి, కాపాడలేకపోయానని నర్సుల ముందు ఏడ్చి, పేరైనా చెప్పకుండా వెళ్ళిపోయిన మనిషి కోసం ఐదేళ్ళుగా వెతుకుతున్నాను, బాబూ... ఆ రోజు ఆగింది ఆయనొక్కడే!"