నాయన చెప్పిన జవాబు

"మీ సరుకు వచ్చి పడింది, మా నాయన కార్ఖానా మూతపడింది," అన్నాడు సురేంద్ర, వాల్టర్ కంచంలో ఇంకో ఓళిగ వేస్తూ.

అశ్విని కళ్లతోనే మొగుణ్ణి వారించింది. భోజనానికి పిలిచి ఇవేం మాటలు! మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల బిల్డింగులోకి అమెరికా నుంచి వచ్చిన వాల్టర్, తాను ఏళ్ల తరబడి చూసుకున్న బిల్లింగ్ ప్రోగ్రాములన్నీ సురేంద్రకు ఓపిగ్గా నేర్పాడు. రేపే తిరుగు ప్రయాణం.

సురేంద్ర ఊరుకునే రకం కాదు. వ్యాపారమంటే అతనికి తెలిసింది ఒక్కటే: ఒక దేశం గెలిస్తే ఇంకొకటి ఓడాలి. కడపలో తండ్రి పుల్లయ్య టార్చిలైట్లు తయారుచేసేవాడు. చవక విదేశీ టార్చిలు బజారు నిండా దిగాక కార్ఖానాకు తాళం వేశాడు. అవి ఏ దేశానివో సురేంద్ర ఏనాడూ తిప్పి చూడలేదు. అప్పటి నుంచి ప్రతి తెల్లవాడూ అతని కంటికి గెలిచినవాడే.

వాల్టర్ కోపగించుకోలేదు. ఎదురుగా భోంచేస్తున్న పుల్లయ్యను చూస్తూ, "మూతపడిన సంగతి ఇంట్లో ఎలా చెప్పారో అడుగుతావా?" అన్నాడు.

పుండు మీద కారం చల్లుతున్నాడు అనుకున్నాడు సురేంద్ర. అయినా ఇంగ్లీషు రాని తండ్రిని తెలుగులో అడిగాడు.

"యాడ చెప్తిరా? నోరు రాల్యా," పుల్లయ్య తల వంచుకున్నాడు. "దినామూ క్యారియరు పట్టుకోని పోయి బస్టాండులో కూచుంటాంటి. ఆఖరుకు మీయమ్మే కనుక్కొనె. ముందే చెప్పింటే ఇద్దరం మోసేటోళ్లం గదా అని ఏడ్చె."

సురేంద్రకు తల కొట్టేసినట్టయింది. గెలిచినవాడి ముందు నాయన పరువు తీయడమా?

"మర్నాడే ఇంకో పని దొరికిందట. ఇంట్లో చెప్పాల్సిన అవసరమే రాలేదట," అన్నాడు ఇంగ్లీషులో.

"మర్నాడేనా! అదృష్టవంతుడు," అన్నాడు వాల్టర్. ఆ తర్వాత ఓళిగ ముట్టలేదు.

"అంతా చెప్పినావా?" అడిగాడు పుల్లయ్య.

"చెప్పినా నాయనా." తండ్రి మొహం చూడటానికి సిగ్గేసింది సురేంద్రకు.

సోమవారం ఆఫీసులో ఏదో సందేహం వచ్చింది. "వాల్టర్‌కు ఫోన్ చేస్తానండీ," అన్నాడు మేనేజరు వెంకటనారాయణతో.

"ఎక్కడికి చేస్తావయ్యా? పాపం, భార్యకు ఎలా చెప్పాలో తెలియట్లేదని ఎయిర్‌పోర్టు దాకా అదే మాట."

"ఏమని చెప్పాలట?"

"ఆయన ఉద్యోగం నీకిచ్చేశారని."