పక్కన చోటు

“నా కూతుర్ని మా ఊరు తీసుకుపోతానండి,” అంది మార్తమ్మ, శవపేటిక మీద చెయ్యి వేసి.

పాలకొల్లు దగ్గర ఎయిడ్స్ రోగుల సేవ కోసం 1997లో మదర్ ఫిలోమిన స్థాపించిన కన్యాస్త్రీల సభలో మొదట చేరింది మార్తమ్మ కూతురు రోజ్‌లీనే. ఆరేళ్లలో సిస్టర్లు ఇరవైమంది అయ్యారు. రోగుల నుంచి సోకిన క్షయ మాత్రం రోజ్‌లీన్‌ని పొట్టన పెట్టుకుంది.

“మీ ఇష్టమేనమ్మా,” అంది మదర్.

అంతలో వీరవేణి అనే రోగి గోడ పట్టుకుని వచ్చింది.

“అమ్మగారూ, నేను పోతే మావాళ్లు నన్ను ముట్టుకోరండి. ఇక్కడే పాతిపెడతారు. సిస్టర్‌గారు పక్కనుంటే నాకు భయముండదండి.”

మార్తమ్మ ఆ ఎముకల చేతుల్ని చాలాసేపు చూసింది. ఇన్నాళ్లూ తన కూతురు కడిగి, తుడిచిన చేతులవి.

“గొయ్యి ఎక్కడ తవ్విస్తారో చూపించండి,” అంది మదర్‌తో.