రాజకుమారి వంతు

1978 సెప్టెంబరు 12, మంగళవారం, ఉదయం పది గంటలు. కోరుట్ల దగ్గరి ఒక ఊరి బాల్వాడీలో టీచరు కళావతి, ఆయా మొగిలవ్వ, పదకొండుమంది పిల్లలు, రైతుకూలీ సంఘం నాయకుడు జలపతి ఉన్నారు. జలపతి మొగిలవ్వ కొడుకే.

అతడు నాలుగేళ్ళ సుగుణ తలమీది అట్టకిరీటాన్ని లాగి, నలిపి పారేశాడు.

“మేం దొర గడీ మీద కొట్లాడుతుంటే, నువ్వు గీడ రాజకుమారిని తయారుజేస్తున్నవా టీచరమ్మా?”

“పిల్లల ఆట, అన్నా. రోజుకొక్కరి వంతు.”

“గీ ఆట బందు వెడుతనని రాసియ్యి. లేకుంటే బాల్వాడికి తాళమేస్త.”

కళావతి “ఇకమీదట ఈ ఆట ఆడించను” అని రాసి సంతకం చేసింది.

“రాజకుమారి ఏం జేస్తదే? నౌకర్లను తిడ్తదా?” అని అతడు సుగుణను గద్దించాడు.

“కూసోని తింటది. మేమందరం వడ్డిస్తం. రేపు మొగిలవ్వ వంతు.”

జలపతి తల్లివైపు తిరిగాడు. “సిగ్గు లేదా నీకు?”

“దొరసాని కూసోని తింటుంటే ముప్పయ్యేండ్లు నిలవడి చూసిన, కొడుకా. మనింట్ల గూడ నువ్వు తిన్నంకనే తింటున్న. రేపొక్కనాడు నా వంతు.”

అతడు కళావతి చేతిలోని కలం లాక్కొని, “ఇకమీదట” అన్న మాట కొట్టేసి, దాని పైన “ఎల్లుండి నుంచి” అని రాశాడు. కింద తానూ సంతకం చేసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.